ఆరోగ్యమ్మ తిట్టే శుక్రవారం

గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ పల్లెలో గుడ్ ఫ్రైడే నాడు రెండు జరిగి తీరాలి. పగలు ఎండలో సిలువ మోస్తూ నడిచే సిలువమార్గం, పొద్దుగూకాక గుడి ముందు సినిమా. సినిమా అంటే ఏసుప్రభువుని పట్టుకుని, రాతిస్తంభానికి కట్టేసి, ఒళ్ళు చీరుకుపోయేటట్టు కొట్టి, మేకులు దిగ్గొట్టే సినిమా. తెరంతా రక్తం. పసిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరతారు. అయినా ఒక్కరూ లేచిపోరు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని జనం, తెర మీద ప్రభువు తల వాల్చిన తర్వాతే గంజి తాగి ఉపవాసం విడుస్తారు.

ఆ సినిమాలో పెద్ద వేషం ఒకటి తెర బయట ఉంది. అది ఆరోగ్యమ్మది.

ఆరోగ్యమ్మ మిరపకాయల కల్లాల్లో తొడాలు తీసే కూలి మనిషి. మొగుడు పోయాడు, ఉన్నది ఒక్క కొడుకు బెంజిమిన్. మిగతా రోజుల్లో ఆమె గొంతు పక్కింటికి కూడా వినపడదు. గుడ్ ఫ్రైడే నాడు రోమా సైనికుడు కొరడా ఎత్తాడా, ఇక ఆమెని పట్టుకునేవాడు లేడు. లేచి నిలబడి కొంగు బిగించి అందుకుంటుంది.

"నీ చేతులు పడిపోను! నిన్ను కన్న కడుపు కాలా! నీ పాడె కట్టా!"

దెబ్బకొక తిట్టు. ఆఖర్న ఒక మట్టిగడ్డ తీసి తెర మీదికి విసరడం. తెరగుడ్డ ఇచ్చేది కిరాణాకొట్టు హనుమయ్య శెట్టి. గుడ్డ మాసిపోతుందని ఆయన ఏనాడూ అనలేదు. పైగా కొట్టు మూసి, కుర్చీ తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంటాడు. "హరికథలో కూడా ఇంత ఊపు ఉండదయ్యా" అంటాడు.

కొత్తగా వచ్చిన ఫాదర్‌గారికి మాత్రం మొదటి ఏడు తల కొట్టేసినట్టయింది. "అమ్మా, తిట్టే బదులు ఆ టైములో ప్రార్థన చెయ్యొచ్చు కదా" అన్నాడు మెల్లిగా.

"ప్రార్థన మీరు చెయ్యండి ఫాదర్‌గారూ. వాడి సంగతి నేను చూసుకుంటా" అంది ఆరోగ్యమ్మ.

ఆయన ఇంక ఆ జోలికి పోలేదు.

ఆమె తిట్లు సరదా తిట్లు కావు, మొక్కుబడి. బెంజిమిన్ పసివాడుగా ఉన్నప్పుడు వాడికి మెదడు జ్వరం వచ్చింది. నరసరావుపేటలో డాక్టర్లు పెదవి విరిచారు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, మెడలో ఉన్న ఆరోగ్యమాత మరియమ్మ బిళ్ళ పిడికిట్లో పట్టుకుని ఆమె బేరం పెట్టింది. "తల్లీ, నీ బిడ్డని కొడుతుంటే నీకు నోరు పెగల్లేదు. నా బిడ్డని నాకియ్యి, నేను నీ నోరవుతా. నీ బిడ్డ మీద పడే దెబ్బ ఒక్కటి కూడా ఊరికే పోనియ్యను." తెల్లారేసరికి పిల్లాడు కళ్ళు తెరిచాడు. ఆ ఏటి నుంచి ఆమె ఒక్క సినిమా తప్పలేదు, ఒక్క దెబ్బకి రెప్ప వాల్చలేదు.

పోయినేడు ఆ పాత డిస్కు సరిగ్గా కొరడా పైకి లేచినప్పుడే బిగుసుకుపోయింది. కొరడా గాల్లోనే ఉంది, సైనికుడు పళ్ళు బయటపెట్టి అట్లాగే నిలబడ్డాడు. ఆపరేటర్ డిస్కుని లుంగీకేసి తుడిచి పెట్టాడు, ఊది పెట్టాడు, లాభం లేదు. ఆరోగ్యమ్మ మాత్రం బొమ్మ కదలకపోయినా తిడుతూనే ఉంది, గొంతు పోయేదాకా. ఆ దెబ్బతో కుర్రాళ్ళు తేల్చేశారు: ఎవరో తెల్లోళ్ళ సినిమా ఇక వద్దు, మనదే తీద్దాం, మన మనుషులతో.

డిగ్రీ చదివే షారోన్ డైరెక్టరు. కెమెరా ఆమె ఫోనే. వదిలేసిన నాపరాళ్ళ క్వారీయే సిలువ వేసే కల్వరి కొండ. గడ్డం బాగా పెరిగిందని, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి మేనల్లుడు అరుణ్ కుమార్‌ని ఏసు చేశారు. రక్తానికి ఎర్ర రంగూ బెల్లంపాకమూ కలిపారు. షూటింగ్ ఉన్నన్నాళ్ళూ అరుణ్‌ని చీమలు వదల్లేదు, పల్లెలో కుర్రాళ్ళని ఇంట్లోవాళ్ళు పట్టలేకపోయారు. టోపీలు అట్టముక్కలు, ఈటెలు కొడవలి కట్టే కర్రలు. అబ్బ, ఏం హడావుడి! సిలువ మోసే సీను తీసిన రోజు రోడ్డు మీద పోయే బస్సు కూడా ఆగి చూసింది.

"నీదేం వేషంరా?" అని ఆరోగ్యమ్మ అడిగితే, "ఏదోలే అమ్మా, గుంపులో" అని నసిగాడు బెంజిమిన్. రాళ్ళ ట్రాక్టర్ తోలే ఆరడుగుల మనిషి అట్లా నసుగుతుంటే ఆమె పేతురు వేషం అనుకుంది. ప్రభువెవరో ఎరగనని మూడుసార్లు అబద్ధమాడే వేషం కదా, సిగ్గుపడుతున్నాడులే అనుకుంది.

ఆ వారం బుధవారం కల్లంలో తొడాలు తీస్తుంటే పక్కనున్న అనసూయ కిసుక్కుమంది.

"ఏంది వదినా, శుక్రవారం ఎవర్ని తిడతావు ఈసారి?"

"ఎవడు కొడితే వాణ్ణి."

"కొట్టేది మీ బెంజీ అంటగా!"

ఆరోగ్యమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకావిడ నవ్వు మధ్యలోనే ఆపేసింది. ఎందుకంటే ఆరోగ్యమ్మ నోటి సంగతి అందరికీ తెలుసు. ఇదే కల్లంలో కాయలు కుక్కిన టిక్కీలు, నిండు బస్తాలు, ఎత్తుకుపోయినవాణ్ణి ఆమె చేతులు పడిపోవాలని తిడితే, వారం తిరక్కుండా బండి మీద నుంచి పడి వాడి చెయ్యి విరిగింది. ఆమె తిట్టు తగులుద్దని చుట్టుపక్కల పల్లెల్లో కూడా చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం కొడుకు గడపలో నిలబడి చెప్పులు విప్పకముందే పట్టుకుంది.

"ఒరేయ్, ఊళ్ళో ఇంతమంది ఉండంగా నీకే దొరికిందా కొరడా?"

"నేనేం చేసేదమ్మా? షారోన్ నా జబ్బలు చూసి పెట్టింది. మిగతావాళ్ళు కొడితే ఈగలు తోలుతున్నట్టు ఉందంట."

"పేతురు అనుకున్నాన్రా నిన్ను!"

"పేతురు కోసం ఆరుగురు కొట్టుకుంటన్నారు." వాడు మెల్లిగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఈసారికి ఊరుకోకూడదా?"

"ఊరుకుంటే? మొక్కు ఎవరి కోసమో తెలుసా నీకు? నీ పానం కోసం. మాట తప్పితే ఆ తల్లి నిన్ను తిరిగి తీసుకుంటే?"

"పోనీ తిట్టు. చేతుల జోలికి మాత్రం పోబాకే. ట్రాక్టర్ తోలాలి."

వాడు నవ్వుతూ అన్నాడు కానీ కళ్ళల్లో నవ్వు లేదు. ఆ రెండు రోజులూ ఆమెకి అదే ఆలోచన. తిడితే కొడుక్కి తగులుద్ది, తిట్టకపోతే కొడుకు కోసం ఆ తల్లికిచ్చిన మాట పోతుంది. ఎటు తిరిగినా వాడే.

శుక్రవారం చీకటిపడేసరికి గుడి ముందు ఇసకేస్తే రాలలేదు. పక్క పల్లెల వాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చారు. మన ముఖాలు తెర మీద! పేతురు కనపడగానే ఈలలు, ప్రభువుని పట్టిచ్చే యూదా కనపడగానే గోల. అట్టటోపీ పెట్టుకుని, ఎర్రగుడ్డ చుట్టుకుని బెంజిమిన్ తెర మీదికి రాగానే పెద్ద నవ్వు లేచింది. వాడు కొరడా విదిలించగానే ఆ నవ్వు తెగిపోయింది.

మొదటి దెబ్బ పడింది. అరుణ్ కుమార్ వీపు వంకర తిరిగింది.

అందరూ ఆరోగ్యమ్మ వైపు చూశారు. ఆమె నోరు తెరుచుకోలేదు.

రెండో దెబ్బకి అరుణ్ పెట్టిన కేక నటన కాదు. షూటింగ్ నాడు రంగులో నానిన కొరడా తాడు బరువెక్కి నిజంగానే వాత తేలింది. ఆ కేకకి గుడి మీద పావురాలు లేచాయి.

"ఏం ఆరోగ్యమ్మా, ఊరుకున్నావేంది?" అన్నాడు హనుమయ్య శెట్టి, వెనక్కి తిరిగి.

ప్రొజెక్టర్ పక్కన బెంజిమిన్ రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నాడు. తెర మీద బెంజిమిన్ మోచేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు, చిన్నప్పుడు ఆటలో అలిసిపోయి వచ్చి తుడుచుకున్నట్టే. అంతలో తెర మీద మరియమ్మ కనపడింది. షారోన్ వాళ్ళమ్మే ఆ వేషం వేసింది. నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి, కొడుకుని కొడుతుంటే చూస్తోంది. నోరు లేదు.

ఆరోగ్యమ్మ దిగ్గున లేచింది.

"ఒరేయ్ బెంజీ!"

ఇన్నేళ్ళలో ఆ సైనికుడికి ఒక పేరుండటం అదే మొదటిసారి. చంకల్లో ఉన్న బెంజిమిన్ చేతులు ఇంకా లోపలికి పోయాయి.

"నిన్ను కన్న కడుపు కాలా!"

అని రెండు చేతులతో తన పొట్ట మీదే ధన్‌మని కొట్టుకుంది. తెర మీద మళ్ళీ కొరడా పడింది. "నిన్ను మోసిన ఈ కడుపు కాలిపోను!" మళ్ళీ కొట్టుకుంది. "నీకు పాలిచ్చిన ఈ రొమ్ము ఎండిపోను!" దెబ్బకొక తిట్టు, తిట్టుకొక దెబ్బ. ఒక్కటి కూడా వాడి చేతుల మీదికి పోనివ్వలేదు, అన్నీ తన మీదికే లాక్కుంది. ఎవరూ నవ్వలేదు. ముందు అనసూయ లేచి ఆమె పక్కన నిలబడింది, తర్వాత కల్లం ఆడవాళ్ళందరూ లేచారు. హనుమయ్య శెట్టి కుర్చీ లోంచి ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. ఫాదర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆఖరి దెబ్బకి ఆరోగ్యమ్మ వంగి, మట్టిగడ్డ తీసి, గురి చూసి తెర మీదికి విసిరింది.

గుడి ముందు మైదానమంతా ఒక్క గొంతై అరిచింది.

సిలువ మీద ప్రభువు తల వాల్చాడు. గంజి గంగాళాల మూతలు లేచాయి. ఆరోగ్యమ్మ గొంతు బొంగురుపోయి, కొప్పు ఊడిపోయి, మొహం మాత్రం వెలిగిపోతూ అరుగు మీద కూలబడింది. బెంజిమిన్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చంకల్లోంచి చేతులు మెల్లిగా బయటికి తీసి, వేళ్ళు ఆడించి చూపించాడు.

"ఉండాయే అమ్మా."

ఆమె వాడి కుడి చేతిని లాగి, అందులో తన గంజిలోటా పెట్టింది. "బాగా కొట్టావురా సచ్చినోడా. తాగు."

"వచ్చే ఏడు నేను చెయ్యనే. కొరడా ఇంకెవడికన్నా ఇప్పిద్దాం."

"నోర్మూయ్. నువ్వే చెయ్యాలి. ఇన్నేళ్ళూ మొహం తెలియని తల్లిని ఎవత్తినో తిట్టా. పాపం, ఆమెకేం తెలుసు, తన కొడుకు ఎక్కడ ఎవర్ని కొడుతున్నాడో. ఇక ఆ తిట్టు తగిలితే నాకే తగలనీ." కొడుకు నెత్తి మీద ఒకటి మొట్టింది. "ఆ అట్టటోపీ మాత్రం తీసేయించు. గడ్డ దానికే తగిలింది. నీ మొహానికి గురి పెట్టాన్రా నేను."