మస్తానయ్య పీకిన వైరు

ఉదయగిరి మస్తానయ్య ఏ వస్తువునైనా కొన్న రోజే విరగ్గొట్టడానికి చూస్తాడు. విరిగితే తిట్టి వాపసు ఇస్తాడు. విరక్కపోతే మురిసిపోయి వాడుకుంటాడు. ఆయన ఇంట్లో ఏ సామానైనా ఒళ్లు చెడకుండా కనిపించిందంటే, అది ఆయన చేతిలో పడి కూడా బతికి బట్టకట్టిందని అర్థం.

ఇది వ్యాపారం నేర్పిన అలవాటు. ఊరి కొండ మీదున్న దుర్గం కింద బజారులో ఆయనకు కొయ్య చెంచాల కొట్టు ఉంది. పనివాళ్లు చెక్కి తెచ్చిన గరిటెలు, చెంచాలు, ఫోర్కులు ఒక్కోటీ తీసి మెడ దగ్గర రెండు చేతులా పట్టుకుని వంచి చూస్తాడు. తన చేతిలో విరగనిది కొన్నవాళ్ల నోట్లో విరగదని ఆయన సిద్ధాంతం. అక్కడితో ఆగితే ఊరికి ఇబ్బంది లేదు. కొత్త చెప్పులు కొంటే ముందు తొట్టిలో నానబెడతాడు. గొడుగు కొంటే గాలి లేచేదాకా కాచుకుని, నడిబజారులో తెరుస్తాడు. కళ్ల డాక్టరు అద్దాలిస్తే ఆయన ఎదుటే వాటిని కుర్చీలో పెట్టి మీద కూర్చున్నాడు. రెండో జత ఇవ్వడానికి డాక్టరు ఒప్పుకోలేదు.

కూతురి పెళ్లిచూపులకు వచ్చిన మాల్యాద్రిని కాఫీ కూడా తాగనివ్వకుండా మిట్టమధ్యాహ్నం దుర్గం ఎక్కించాడు. పైకి చేరాక నీడన కూర్చోబెట్టి, "ఇప్పుడు చెప్పబ్బయ్యా, నీకు కోపమొస్తాదా?" అని అడిగాడు. నోరు తెరిచే ఓపిక లేక మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు. సంబంధం ఖాయమైపోయింది. అల్లుడు ఇప్పుడు కొట్టులోనే ఉంటాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు దయాసాగర్.

దయాసాగర్‌ది ఆత్మకూరు. బస్టాండు ఎదురుగా మేడ మీద గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. పందొమ్మిది వందల తొంభై ఐదు ప్రాంతం అది. కంప్యూటర్ అంటే జాతకాలు చెప్పే పెట్టె అనుకుని మెట్లెక్కి వచ్చి, కాదని తెలిసి దిగిపోయేవాళ్లే ఎక్కువ. అతను మాత్రం ఓపిగ్గా ఒక ప్రోగ్రాం చట్రం తయారు చేసుకున్నాడు. దానికి 'దయాఫ్రేమ్' అని పేరు పెట్టుకుని, ఆ పేరును బోర్డు మీద సెంటర్ పేరుకంటే పెద్దగా రాయించాడు. అది నిలబడకపోతే నెల్లూరులో బావగారి సిమెంటు కొట్టులో కూర్చోవాలి. అతనికి సిమెంటంటే తుమ్ములు.

ఒకరోజు ఉదయగిరి బస్సు ఆలస్యమై మస్తానయ్య మెట్లెక్కి వచ్చాడు.

"ఏందబ్బయ్యా, బోర్డేమో అంతుండాది, లోపల ఎవురూ లేరు?"

"వస్తారండీ" అన్నాడు దయాసాగర్, కుర్చీ తుడుస్తూ. మస్తానయ్య ముందు కుర్చీని నాలుగు వైపులా ఊపి, తర్వాత కూర్చున్నాడు.

"ఈ దయాఫ్రేమంటే ఏంది?"

అడిగేవాడొకడు దొరికాడు, అదే చాలని దయాసాగర్ అందుకున్నాడు. "ఏ వ్యాపారానికైనా పనులు అవేనండీ. రాసుకోవడం, వెతుక్కోవడం, దిద్దుకోవడం, కాగితం తీయడం. వాటన్నిటికీ అడుగున ఒకటే చట్రం చేసిపెట్టాను. దాని మీద ఎరువుల కొట్టుకైనా, ఆస్పత్రికైనా, మీ చెంచాలకైనా కావాల్సింది బిగించుకోవచ్చు."

"అడుగున ఒకటేనా?"

"ఒకటే."

మస్తానయ్య కాసేపు ఖాళీ గదిని చూశాడు. "అయితే నాకొకటి పెట్టు" అన్నాడు.

కొట్టు వెనక వసారాలో కంప్యూటర్ వెలిసింది. దయాసాగర్ నెల్లూరు హోటలువాళ్ల గరిటెల ఆర్డరు టైపు చేసి చూపిస్తుంటే మస్తానయ్య బల్ల చుట్టూ తిరిగాడు.

"బాగుండాది గానీ, దీన్ని యాడ పట్టుకోని వంచాల?"

"ఇది వంచేది కాదండీ."

"వంచకపోతే ఎట్ట నమ్మేది?" అంటూనే గోడ దగ్గరికి పోయి వైరు పీకేశాడు.

తెర నల్లబడింది. మళ్లీ వెలిగేసరికి గరిటెల ఆర్డరు గల్లంతయింది. అది పోతే పోయింది, పొద్దున్నించి ఎక్కించినవన్నీ కలగాపులగమయ్యాయి. మద్రాసు హోటలు చెంచాలు నెల్లూరు పోయాయి, నెల్లూరు ఫోర్కులకు ఊరే లేకుండా పోయింది.

"మెడ కాడ ఇరిగింది" అన్నాడు మస్తానయ్య పరమ సంతోషంగా.

"బ్యాటరీ పెట్టె ఒకటి తగిలిద్దామండీ. కరెంటు పోయినా కాసేపు ఆగిపోదు."

"ఊతకర్ర ఇచ్చి నడిపిస్తే దాని కాళ్లల్లో బలమెంతుండాదో మనకెట్ట తెలుస్తాది? ముందు దాన్ని నిలబెట్టు."

దయాసాగర్ ఉక్రోషంతో ఆత్మకూరు వెళ్లి చట్రం విప్పి కూర్చున్నాడు. ఎంతవరకు టైపు చేస్తే అంతవరకు అప్పటికప్పుడే భద్రమయ్యేట్టు, మళ్లీ వెలగగానే తన ఒళ్లు తానే తడిమి చూసుకునేట్టు మార్చాడు. ఫ్లాపీ జేబులో వేసుకుని ఉదయగిరి పోయాడు. మస్తానయ్య వైరు పీకాడు. ఈసారి ఆర్డర్లు బతికాయి. ఆనందం కాసేపైనా నిలవలేదు. మస్తానయ్య సరుకు పంపే తేదీ ఫిబ్రవరి ముప్పై అని కొట్టించాడు. దయాఫ్రేమ్ కిమ్మనకుండా తీసుకుంది.

"ఆ రోజు నువ్వే మోసుకోని పోతావా సరుకు?" అన్నాడు మస్తానయ్య.

అలా మొదలైన రాకపోకలకు అంతులేకుండా పోయింది. అతను బస్సెక్కితే చాలు, కండక్టరు టికెట్ కొడుతూ, "ఈరోజేం ఇరిగింది సార్?" అని పలకరించేవాడు. దయాసాగర్ ఏం విరిగిందో చెప్పేవాడు. పక్కసీట్లవాళ్లు సానుభూతి చూపేవారు.

అన్నిటికంటే ఘనమైంది ఓబమ్మ తుడుపు. మస్తానయ్య భార్య ఓబమ్మకు దుమ్మంటే పడదు. ఒకరోజు భర్త, "ఆ మీటల మీద దుమ్ముండాది చూడు" అన్నాడు. ఆమె తడిగుడ్డ తెచ్చి, ఆర్డరు ఎక్కించే పేజీ తెరిచి ఉండగానే అంకెల మీటలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దింది. దయాఫ్రేమ్ దాన్ని తెడ్ల ఆర్డరు అనుకుని కాగితం మీద అచ్చు కొట్టి ఇచ్చింది. తెడ్ల సంఖ్య కాగితం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. మాల్యాద్రి ఆ కాగితాన్ని బుద్ధిగా పనివాళ్లకు అందించాడు. దయాసాగర్ బస్సు దిగేసరికి వీధి నిండా కర్ర దుంగలు పడి ఉన్నాయి.

"అన్ని తెడ్లంటే మనిషైతే నోరెళ్లబెడతాడు. నీ మిషను ఎందుకు నోరెళ్లబెట్టలా?" అని మస్తానయ్య నిలదీశాడు.

దయాసాగర్‌కు ఒళ్లు మండింది. "మీ అల్లుడు నోరెళ్లబెట్టాడా?"

"వాడు దుర్గం దిగినప్పట్నించి దేనికీ ఆశ్చర్యపోడు."

దయాసాగర్ చట్రంలో ఇంకో కిటుకు పెట్టాడు. ఎవరైనా వింతగా ఏది ఎక్కించినా, తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో 'నిజమేనా?' అని వస్తుంది. అవునంటేనే ముందుకు కదులుతుంది.

ఇంతలో సిమెంటు కొట్టు బావగారి నుంచి కబురు మీద కబురు వస్తోంది. సెంటర్ మూసేద్దామా అనుకుంటున్న సమయానికి ఆత్మకూరులోని ఒక ఆస్పత్రి నుంచి మేట్రన్ రెబెకమ్మ మెట్లెక్కి వచ్చింది.

"మా మందుల గదికి కంప్యూటర్ పెట్టాలబ్బాయ్. ఏ మందు ఎంతుందో, ఏది గడువు దాటబోతోందో ముందే చెప్పాలి. నీది ఉదయగిరిలో ఎవరో వాడతా ఉండారంట గదా, అక్కడికి పోయి చూద్దాం పద. ఎల్లుండి కుదురుతుందా?"

దయాసాగర్ కుదురుతుందని తల ఊపేశాడు. దయాఫ్రేమ్‌ను వాడేది లోకంలో ఒకే ఒక్కడు. ఆ ఒక్కడూ మస్తానయ్య. మర్నాడే ఉదయగిరి పరుగెత్తాడు.

"మస్తానయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు వైరు పీకబాకండి. ఆమె ఒప్పుకుంటేనే నా సెంటర్ ఉంటుంది."

"చూస్తాంలే."

"ఓబమ్మగారిని కూడా ఆ గుడ్డ..."

"దుమ్ముంటే తుడవదా?"

మరుసటి రోజు బస్సులో రెబెకమ్మ పక్కన భయంభయంగా కూర్చున్నాడు. కండక్టరు వచ్చి, "ఈరోజేం ఇరిగింది సార్?" అన్నాడు. దయాసాగర్ కిటికీలోంచి కొండల్ని చూశాడు. రెబెకమ్మ పెదవుల చివర చిన్న నవ్వు మెరిసింది.

వసారాలో మస్తానయ్య ఆమె కుర్చీని నాలుగు వైపులా ఊపి మరీ కూర్చోబెట్టాడు. దయాసాగర్ ఆర్డరు ఒకటి మొదలుపెట్టాడు. పేరు సగం కొట్టాడో లేదో, తెర నల్లబడింది. తల తిప్పి చూస్తే గోడ పక్కన మస్తానయ్య, ఆయన చేతిలో వైరు. దయాసాగర్ ముక్కుకు సిమెంటు వాసన తగిలినట్టయి గట్టిగా తుమ్మాడు.

మస్తానయ్య తీరిగ్గా వైరు మళ్లీ గుచ్చాడు. తెర వెలిగింది. సగంలో ఆగిన పేరు సగంలోనే ఉంది. ఎక్కడ ఆపాడో అక్కడే గీత మిణుకుమిణుకుమంటోంది.

"మేట్రనమ్మా, మీరూ ఒకతూరి పీకండి."

ఆమె జంకుతూనే పీకింది. ఆర్డరు చెక్కు చెదరలేదు. తర్వాత మాల్యాద్రి పీకాడు. అప్పుడు ఓబమ్మ, ఎవరూ పిలవకుండానే, తడిగుడ్డతో వచ్చి మీటలు ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దింది. తెర మీద 'నిజమేనా?' అని వచ్చింది. రెబెకమ్మ కళ్లద్దాలు జారిపోయేలా నవ్వింది.

"మా కాంపౌండరు కూడా ఇంత వివరంగా అడగడు. ఏం మస్తానయ్యా, ఇంక తీసుకోవచ్చా?"

"తీసుకోండమ్మా. ఇంక ఇరగదు."

దయాసాగర్ ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "మీకు... మీ ఇద్దరికీ ముందే పరిచయమా?"

"వానాకాలంలో పంటినొప్పితో మా ఆస్పత్రికొచ్చినాడు" అంది రెబెకమ్మ. "మందుల గదికి కంప్యూటర్ మాట నేనెత్తితే, 'బస్టాండు కాడ ఒక పిల్లోడుండాడు, పనిమంతుడు. అయితే ఇప్పుడే తీసుకోబాకండి. నేనింకా ఇరగ్గొడతా ఉండా. ఇరిగేది ఆగినంక కబురు పెడతా' అన్నాడు. మొన్న కబురొచ్చింది."

"మరి నాతో ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెప్తే బిగుసుకుపోతావు" అన్నాడు మస్తానయ్య. "అడుగున ఒకటే చట్రమని నువ్వే గదబ్బయ్యా చెప్పింది? నా కాడ ఇరిగితే నాలుగు తెడ్లు ఎక్కువైతాయి, నవ్వుకుంటాం. ఆస్పత్రిలో ఇరిగితే ఎవురు నవ్వుతారు? ఇరగాల్సిందంతా మా వసారాలోనే ఇరగనీ అనుకున్నా."

అంతవరకు బుద్ధిగా ఉన్న మాల్యాద్రి ఇక ఆగలేకపోయాడు. "అసలు మామకి కంప్యూటర్‌తో పనే లేదు సార్. ఆర్డర్లన్నీ ఆయనకి నోటికే వచ్చు. ఆ రోజు మీ గది ఖాళీగా ఉండాదని చూసొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలా..."

"ఏం మాల్యాద్రీ, మళ్లా దుర్గం ఎక్కుదామా?" అన్నాడు మామ.

దయాసాగర్‌కు ఇన్నాళ్లూ బస్సులో ఈయన్ని తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ కూడా పొంగుకొచ్చింది. రెండు చేతులూ జోడించాడు. అది చూసి మస్తానయ్య తడబడి లోపలికి పోయి, కాగితంలో చుట్టిన గరిటె తెచ్చి చేతిలో పెట్టాడు.

"పనివాళ్లకియ్యలా. నేనే చెక్కినా, నీ కోసరం."

సన్నటి కాడ, నున్నటి గిన్నె, కాడ చివర చిన్న పువ్వు. దయాసాగర్ రెండు చేతులా అందుకున్నాడు. ఇన్నాళ్ల సావాసం ఊరికే పోతుందా? అతనికి తెలియకుండానే బొటనవేళ్లు మెడ దగ్గరికి చేరాయి. వంచాడు.

టప్పున విరిగింది.

ఓబమ్మ తడిగుడ్డతోనే నోరు మూసుకుంది. మస్తానయ్య రెండు ముక్కలూ తీసుకుని ఎండలోకి పట్టి చూశాడు.

"క్షమించండి, నేను కావాలని..."

"వంచి చూడలేదురా అబ్బయ్యా" అన్నాడు మస్తానయ్య మెల్లిగా. "అన్నీ వంచినా గానీ, నీకిచ్చేది గదా, యాడ ఇరుగుతాదోనని దీన్ని వంచేదానికి మనసు రాలా."

అని, ముందు తానే పకపకా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మాల్యాద్రి పరుగెత్తుకెళ్లి ఇంకో కర్ర తెచ్చాడు. మస్తానయ్య నేల మీద కూర్చుని ఉలి అందుకుంటూ దయాసాగర్‌ను పక్కకు పిలిచాడు.

"నువ్వు మూడు గంటల బస్సుకి పోబాక. ఇది అయిందాకా ఈడనే కూర్చో. ఈ తూరి నేను వంచను, నువ్వే వంచు."