ఎడమ రెక్క కుట్లు

చిత్తూరులో నన్నెరిగిన పాతవాళ్లు ఇప్పటికీ అంటూ ఉంటారు, "విమానాన్ని ఆపిన ఆడమనిషి ఈమే" అని. అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. అసలు ఏం జరిగిందో ఒకసారి చెప్పేస్తే నా బరువు దిగుతుంది.

మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. యుద్ధం రోజుల్లో అరక్కోణం దగ్గర మిలిటరీ విమానాల మైదానంలో ఫిట్టరుగా ఉండేవాడు. యుద్ధం ముగిసింది, సోల్జర్లు వెళ్లిపోయారు, విమానాల పిచ్చి మాత్రం ఈయన వెంట మా ఇంటికొచ్చింది. మద్రాసులో మిలిటరీ పాత సామాన్లలో ఒక చిన్న విమానం ఇంజను దొరికితే, రైల్లో తెచ్చి, స్టేషను నుంచి ఎద్దులబండి మీద పెండ్లికూతుర్ని తెచ్చినట్టు పదిలంగా తెచ్చాడు. ఇంజను ఉంటే విమానం ఉన్నట్టే అన్నాడు. గుండీ దొరికింది కదా అని చొక్కా కుట్టించుకునే మనిషి ఆయన.

ఊరి బయట మామిడికాయల మండీ ఒకటి ఉండేది. కాయల కాలం దాటితే ఆ రేకుల కొట్టం ఖాళీగా పడి ఉంటుంది. దాని యజమాని సరదా మనిషి. "చేసుకో అప్పా. కోతలు మొదలయ్యేలోగా నా మండీ నాకు ఇచ్చేయాల, అంతే" అన్నాడు. కాయల కాలం వదిలేసి, రెండేళ్లు ఆ కొట్టంలోనే పని. ఒళ్లు టేకు బద్దలతో, రెక్కలకు పక్కటెముకలు వెదురుతో. ఒక్కో రెక్కకు తొమ్మిదేసి ఎముకలు. వాటిమీద గుడ్డ తొడగాలి. గుడ్డ కంట్రోలులో ఉన్న రోజులవి. రేషనులో మాకొచ్చిన మల్లు గుడ్డంతా ఆ రెక్కలకే పోయింది. "తల్లికి రవికె గుడ్డ లేదు గానీ దీనికి మాత్రం నిండుగా కట్టినావు గదరా" అని మా అత్త దెప్పిపొడిచేది.

దెప్పినా పనికి ముందు కూర్చునేది ఆమే. కుట్టు పని మా అత్తాకోడళ్లది. రెక్కను గోడలాగా నిలబెట్టి, ఈ పక్క నేను, ఆ పక్క ఆమె. మామిడికాయల గోతాలు కుట్టే పెద్ద దబ్బనమే మా సూది. తేనెమైనం పట్టించిన దారం ఎక్కించి నేను దబ్బనాన్ని ఈ పక్క నుంచి పొడిస్తే, ఆమె ఆ పక్క లాగి, ఎముక చుట్టూ తిప్పి మళ్లీ నాకు పంపేది. ఆమెకు కళ్లలో పొరలు వచ్చి చూపు సరిగ్గా ఆనదు, అంతా చేతి గుర్తే. మొహాలు కనపడవు కాబట్టి మేమిద్దరం ఎంత పోట్లాడుకోవాలో అంతా ఆ గుడ్డ గోడకు అటూ ఇటూ కూర్చుని పోట్లాడుకున్నాం.

మొదటి రోజే మా ఆయన నా చేయి పట్టుకుని రెండు వేళ్లు గుడ్డ మీద ఆనించి చూపించాడు. "కుట్టుకూ కుట్టుకూ నడాన ఇంతే సందు. ఎక్కువైందా, గాలి గుడ్డను పైకి పీకుతాది. ఒక సోట చిరిగిందంటే రెక్కంతా పోతాది. ఆ పైన నేనుండను" అన్నాడు.

కుడి రెక్క అలాగే కుట్టాను. నా మీద ఒట్టు, దాన్లో ఒక్క కుట్టుకు వంక పెట్టలేరు.

ఎడమ రెక్క దగ్గరకొచ్చేసరికి కార్వేటినగరంలో మా చెల్లెలి పెండ్లి వచ్చింది. నాలుగు రోజుల ముందే పంపిస్తానని మాటిచ్చాడు. తీరా బయలుదేరదామనేసరికి, "చింతగింజల జిగురు కాచి పెట్టినాను మే, పాసిపోతాది. ఈ రెక్క ముగించేసి పో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తోడబుట్టినదాని పెండ్లి కంటే చింతగింజల జిగురు ఎక్కువైపోయిందా! ఏడ్చాను, అరిచాను. ఆయన గమ్మున జిగురు కలుపుకుంటున్నాడు. సరే అని దబ్బనం అందుకున్నాను. నాలుగు రోజుల పనిని ఒకటిన్నర రోజులో చేసేశాను. రెండు వేళ్ల సందు బెత్తెడైంది.

ఆ పక్క నుంచి మా అత్త అడిగింది. "ఏమ్మే, దబ్బనం దూరం దూరంగా వస్తా ఉండాది?"

"ఎడమ పక్క ఇంతే చాలని మీ కొడుకే చెప్పినాడు" అన్నాను.

కుట్ల మీద గుడ్డ పట్టీలు అంటించి, జిగురు పూసి, పైన వార్నీషు కొట్టాక ఇక ఎవరికి తెలుస్తుంది? సాయంత్రం ఆయన వచ్చి రెక్క నిమిరి చూసి, "ఎంత బిరీన కుట్టేసినావే!" అని మురిసిపోయాడు. ఆ మాట నాతో పాటే బస్సెక్కింది. పెండ్లిలో తలంబ్రాలు చూశాను, పప్పన్నం తిన్నాను. ఏదీ మనసుకు పట్టలేదు. తిరిగొచ్చాక రోజూ చెబుదామనుకోవడం, రోజూ నోరు రాకపోవడం. పట్టీలన్నీ పీకి మళ్లీ కుట్టాలంటే ఆయన ఏమంటాడో అని భయం. ఏమో, ఎగురుతుందో లేదో, ఎగరకపోతే గొడవే లేదు కదా అని ఒక పాడు ఆశ.

ఉగాది పోయిన పది రోజులకు ముహూర్తం పెట్టారు. ఎండిపోయిన చెరువులో బళ్లు తోలి నేల చదును చేశారు. మండీ యజమాని ఊరంతా చాటించాడు. కోర్టు గుమాస్తాలు, ప్లీడర్లు, బస్సు డ్రైవర్లు, బుట్టల్లో మురుకులు పెట్టుకుని అమ్మేవాళ్లు, తిరనాళ్ల జనం. ముందున్న పంకాకు పసుపూ కుంకుమా పెట్టారు, బూడిదగుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టారు. మా అత్త కొడుక్కి హారతి ఇచ్చింది. ఆయన ఖాకీ చొక్కా వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. ఎండకేమో అనుకున్నాను.

ఇంజను మొదలైంది. జనం ఈలలు. నా కాళ్లు నా మాట వినలేదు. పరిగెత్తుకుంటూ వెళ్లి ఎడమ రెక్క కొసను రెండు చేతులా పట్టుకున్నాను. పొమ్మని చేయి ఊపాడు. నేను వదల్లేదు. ఇంజను ఆపాడు.

"ఏంది మే?"

"ఈ రెక్క కుట్లు రెండు వేళ్లు కాదయ్యా, బెత్తెడు. మొత్తం అట్లే కుట్టినాను. పెండ్లికి పోవాలని."

దిగాడు. జేబులోంచి చాకు తీసి ఒక పట్టీ చీల్చి, వేళ్లు పెట్టి కొలిచాడు. జనం వైపు తిరిగి, "ఈ పొద్దు లేదప్పా, రెక్క సరిగా లేదు" అన్నాడు.

అబ్బ, ఆ నవ్వులు! "పెండ్లాం సెలవిస్తే ఎగురుతాది లేప్పా!" అని ఒకడు. "కొంగుకు కట్టేసుకో తల్లీ" అని ఇంకొకడు. మండీ యజమాని మొహం కందగడ్డ అయింది. "నా పరువు తీసినారు. వారం దినాల్లో నా మండీ ఖాళీ కావాల" అని వెళ్లిపోయాడు. మా అత్త మాత్రం, "నాతో అబద్దం చెప్పినావే" అంది. అంతే, వారం రోజులు నాతో పలకలేదు.

పలకకపోయినా మర్నాడు పొద్దున్నే రెక్కకు ఆ పక్క వచ్చి కూర్చుంది. ఈసారి నేను దబ్బనం పొడిచిన ప్రతిసారీ తన రెండు వేళ్లతో సందు కొలిచి, సరిపోతేనే లాగేది. తొమ్మిది ఎముకలూ అలాగే విప్పి కుట్టాం. నీళ్లకు వెళితే ఆడవాళ్లు నన్ను చూసి గుసగుసలు.

ఏడో రోజు, మండీ ఖాళీ చేయాల్సిన రోజు, తెల్లవారగానే విమానాన్ని చెరువులోకి తోసుకెళ్లాం. మేం ముగ్గురమే. మండీ యజమాని రాలేదు. గాలి లేదు. ఇంజను మొదలైంది, దుమ్ము లేచింది, విమానం గెంతుతూ గెంతుతూ పోయింది, ఆ తర్వాత గెంతడం మానేసింది. చక్రాల కింద ఖాళీ కనిపించింది. "లేచినాదా? లేచినాదా?" అని మా అత్త నా భుజం పీకేస్తోంది. "లేచినాదత్తా!" అని అరిచాను. తాటిచెట్టంత ఎత్తు పోయి ఉంటుంది. చెరువు కట్ట ఇంకా దూరం ఉండగానే ధబీమని దిగి, రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. అంతా కలిపి ఒక వక్క నమిలేంత సేపు. నేను ఎడమ రెక్కను తప్ప ఏమీ చూడలేదు.

పరిగెత్తుకుంటూ వెళ్లాను. ఆయన దిగలేదు.

"ఆ పొద్దు నాకు కాళ్లు సేతులు ఆడలేదు మే" అన్నాడు. "ఏదన్నా సాకు దొరికితే దిగేద్దామని సూస్తా ఉంటిని. అంతమంది ముందర దిగలేక కూసోనుంటిని. నువ్వొచ్చి రెక్క పట్టుకుంటివి, దేవుడు మాదిరి."

సంతోషించాలి కదా నేను? మనిషి ప్రాణంతో నేల మీదున్నాడు, నా కుట్లు నిలిచాయి. నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది. "ఊరంతా నా మొగాన పేడనీళ్లు సల్లినట్టు మాట్లాడతా ఉంటే, ఇన్ని దినాలూ గమ్మున ఉంటివా?" అన్నాను.

"తప్పే మే. అందరికీ చెప్తాలే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రెక్కలు విప్పేసి మండీ అప్పగించాం. ఇంజను కొన్నాళ్లకు ఎవరి బావిలోనో నీళ్లు తోడడానికి పోయింది. విమానం మళ్లీ ఎగరలేదు. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పనూ లేదు. మా కూతురి పెండ్లిలో ఎవరో ఆ పాత హాస్యం ఎత్తితే, విస్తరి ముందు కూర్చున్న ఆయన తలెత్తి నావైపు చూశాడు. నేను మజ్జిగ పోస్తున్నాను. ఇప్పుడు చెబుతాడేమోనని చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మంచివాడే. కోపం ఉందా అంటే, ఉంది. ఆ రెక్కకు తప్పుడు కుట్లు వేసింది నేనే, కాదనను. ఆ రోజు విమానాన్ని ఆపింది మాత్రం నేనొక్కదాన్నే కాదు.