పళ్ళెం మీది పేరు

నేను డిగ్రీ చదివే రోజుల్లో మేము శాలిబండలో ఉండేవాళ్లం. రేషన్ బియ్యంలో పురుగులు వస్తుంటే, పళ్ళెంలో పోసి ఫొటో తీసి, నెట్ సెంటర్లో కూర్చుని పేరు లేకుండా బ్లాగులో పెట్టాను.

వారం తర్వాత రేషన్ డీలర్ ఆ ఫొటో ప్రింటు పట్టుకుని, వరుసలో నిలబడ్డ మా అందరి ముఖాల్లోకి అనుమానంగా చూశాడు. పళ్ళెం అంచున చెక్కిన పేరు నేనప్పుడే గమనించాను. అది మేం ఖాలా, అంటే పిన్నీ అని పిలిచే పక్కింటి జరీనా మాకు సేమ్యా పంపిన పళ్ళెం!

"ఏంది జరీనా, నీ కార్డు తీసేయించాల్నా?" అన్నాడు డీలర్, వరుసలో నా ముందున్న ఖాలాతో.

"నా పళ్ళెం బస్తీ అంతా తిరుగుతది భాయ్. పురుగులైతే నీ దుకాణం నుంచే వచ్చినయి," అంది ఖాలా, నా వైపు చూడకుండా.

అందరూ నవ్వారు. డీలర్ నవ్వలేదు.

ఆ సాయంత్రమే బ్లాగులో ఆ ఫొటో కింద నా పేరు రాశాను. ఫొటో తీసింది నేనేనని వరుసలోనే చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.