ఒంటిచెవి నూకరాజు ఒడ్డు చేరిన వారం

మా ఆటలోని మనిషిని ఒక సీరియల్ రచయిత తన నవలలో వేసుకున్నాడు. నన్ను అడగలేదు. నా ఉత్తరాలకు జవాబు ఇవ్వలేదు. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

దెయ్యాల్ని నమ్మను, ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి నేను. పోర్టులో కలాసీగా చేశాను. బడి చదువు లేదు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

తొంభైలలో ఓడ దిగిన ఒక విదేశీ నావికుడు నాకో పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఇచ్చి పోయాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. పాచిక వేస్తే గెలుపోటములు తేలతాయి. ఆట నడిపేవాడి మాటే తీర్పు; మా దగ్గర నడిపేది నేను.

అందులో అన్నీ కోటలు, గుర్రాలు, మంచుకొండలు. మాకెందుకవి? ఒక వారపత్రికలో అప్పుడు జానపద సీరియల్ వస్తుండేది. అందులోని దీవుల్ని ఈ ఆటకు అతికించాను. ఆ నవలలో మంత్రం వేసినవాడు తన జ్ఞాపకం ఒకటి పోగొట్టుకుంటాడు. అందుకని ఆటలో మంత్రబలం లెక్క తీసేసి, దాని బదులు జ్ఞాపకాలు ఖర్చుపెట్టాలని పెట్టాను. పొగసముద్రంలోకి పోయిన పడవ తిరిగి రాదని నవల చెప్పింది. కాబట్టి అక్కడ పాచిక వేసి తప్పించుకోవడమే లేదు.

మా చెల్లెలు గౌరి భర్త అప్పన్న ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకు వెళ్ళేవాడు. ఆటలో అతని పాత్ర ఒంటిచెవి నూకరాజు. రెండో చెవి సొరచేప కొరికిందట. పేరూ చెవీ అప్పన్న కల్పనే, నవలలో లేవు. ఒక ఆదివారం దొంగలు తరుముతుంటే నూకరాజు పడవని పొగలోకి తిప్పేశాడు.

"ఐపోయింది బావా. నూకరాజు లేడు" అన్నాను.

"సచ్చాడా?"

"తెలీదు. తిరిగి రాడు."

అప్పన్న నవ్వడం మానేశాడు. "అదేటి బావా! బతికున్నా సచ్చినా మనిసిని ఒడ్డుకి తేవాల. నేపోతే ఆడి పెళ్ళాం గాజులు ఉంచుకోవాలో తియ్యాలో ఎవుడు సెప్తాడు?"

"పుస్తకంలో లేదు."

"పుస్తకం రాసినోడు ఎప్పుడైనా తెప్ప ఎక్కినాడేటి?"

పుస్తకంలో, అంటే పత్రికలో వచ్చే ఆ నవలలో, ఉంటేనే ఒప్పుకుంటానన్నాను. అతను టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వేటకే అప్పన్న బోటు తిరిగి రాలేదు. వెంట వెళ్ళిన బోట్లవాళ్ళు ఇంజన్ పొగ చూశామన్నారు, అంతే. హార్బర్‌లో ఐసు గడ్డల పక్కన గౌరి, నేను రోజూ నిలబడేవాళ్ళం. ప్రతి బోటు రంగూ దూరం నుంచి అతనిదే అనిపించేది. దగ్గరికొచ్చేసరికి కాదు. గౌరి గాజులు సవరించుకుంటూ ఉండేది.

ఒకరోజు నా వైపు తిరిగింది. "అన్నా, ఆ నూకరాజుని ఒడ్డుకి తే."

"ఆట వేరు, సముద్రం వేరమ్మా."

"నాకు తెల్దేటి? ఐనా తే."

నవలలో లేనిది ఎలా తేను? ఆ మాటే అన్నాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

అలా మూడు వారాలు గడిచాక వన్ టౌన్‌లో ఆ వారపత్రిక కొన్నాను. అంగడి ముందే తెరిచాను. సీరియల్లో పొగసముద్రం విడిపోయింది. పడవలోంచి ఒంటిచెవి నూకరాజు దిగాడు. రేవులో భార్య చేతినిండా గాజులతో నిలబడి ఉంది. అక్కడే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. రాసి, అచ్చయి, మా ఊరు రావడానికి వారం పైనే పడుతుంది. అంటే అది రాసేనాటికి అప్పన్న సముద్రంలోనే ఉన్నాడు.

ఆ వారంలోనే హార్బర్‌కి ఫోనొచ్చింది. ఒరిస్సా తీరంలో బోటు దొరికింది. వాననీళ్ళు పట్టుకు తాగి అందరూ బతికారు.

అప్పన్న ఇంటికొచ్చాక, మా ఆట సంగతి ఆ రచయితకి ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను. "ఆయనెవుడో నాకేటెరిక బావా? ముందు అన్నమెట్టు" అన్నాడు.

చాలా ఏళ్ళకు, రెండువేల సంవత్సరం దాటాక, ఆ రచయిత మా ఊరి గ్రంథాలయంలో సభకి వచ్చాడు. మెట్ల దగ్గర ఆపేశాను. నూకరాజుని ఎక్కడినుంచి తెచ్చారని గట్టిగానే అడిగాను. ఆయన చెప్పింది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అప్పన్నకీ చెప్పలేదు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"పుస్తకంలో లేదని ఒప్పుకోని ఆ బావగారు మీరేనా అండి? ఆ వారం భాగం రాయడానికి కూర్చున్న మధ్యాహ్నం తడిబట్టలతో ఒకాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు. 'ఒంటిచెవి నూకరాజుని ఒడ్డుకి తెచ్చినట్టు రాసెయ్యి బాబూ, పుస్తకంలో ఉంటేగాని మా బావ ఒప్పుకోడు' అన్నాడు. రాసి తలెత్తేసరికి లేడు. గుమ్మం మీద ఉప్పు పేరుకుని ఉంది. మా ఊరికి సముద్రం లేదండి. ఇంతకీ, ఆయన ఇల్లు చేరాడా అండి?"