కనకం గొంతు

లోకో కాలనీలో కనకాన్ని ఎరగనివాళ్లు లేరు. ఆమె గొంతు ఎరిగినవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పుట్టు మూగ కాదండీ. పెళ్లికి ముందు పలాస దగ్గర జీడితోటలో ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివర కూలీలు పని ఆపేవారట. గూడ్సు బండి డ్రైవరు రమణమూర్తిని కట్టుకుని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరులో కాలు పెట్టిన రోజే అత్తగారు ఆ గొంతుకి గొళ్లెం పెట్టింది.

"ఇదుగో సూడు పిల్లా. గూడ్సు డ్రైవరుకి పగలూ రేత్రీ లేదు. కబురొస్తే లెగిసి డ్యూటీకెల్లిపోవాల. ఇంట్లో నిద్దర సెడితే, అక్కడ సిగ్నలు కాడ కన్ను మూతపడిపోద్ది. ఆ పాపం ఇంటిదానిదే, తెలిసిందా?"

అంత మాట అన్నాక నోరెవరు తెరుస్తారు? కనకం కుక్కరు వెయిటు తీసి అటక మీద పడేసి, అన్నం మామూలు గిన్నెలో వార్చుకుంది. గాజులు మోచేతి వైపు ఎగదోసుకుని అంట్లు తోమింది. కూరగాయల బండివాడు సైతం వీధి మలుపులోనే కేక మింగేసి, ఆమె గుమ్మం ముందు చేత్తో సైగ చేసేవాడు. మొగుడితో పోట్లాడటానికైనా వీలు పడలేదు పాపం. ఇంట్లో ఉంటే ఆయనకి నిద్ర, మెలకువగా ఉంటే డ్యూటీ. ఇంక పోట్లాట ఏ వేళకి పెట్టుకుంటుంది? అలా ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ గోడల మధ్య ఊపిరాడని రోజులు ఆమెకి చాలానే ఉన్నాయి. ఎవరికైనా చెప్పుకుందామన్నా, అదీ గుసగుసగానే చెప్పుకోవాలి.

కూతురు తనూజకి సీపత్ పవర్ ప్లాంటులో ఉద్యోగం. దాని కూతురు శ్రీనిధి పగలంతా అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఐదేళ్ల పిల్ల. కింద పడితే నోరు తెరుస్తుంది, కళ్లనీళ్లు కారుస్తుంది, చప్పుడు మాత్రం రానివ్వదు. "ఎంత బుద్ధిమంతురాలో!" అని కాలనీ అంతా మెచ్చుకునేది. అదంతా తన పెంపకమేనని కనకం పొంగిపోయేది.

దసరా వెళ్లాక గోల్ బజార్, సదర్ బజార్ వీధుల్లో ఝాంకీలు ఊరేగుతాయి. దీపాలతో, కదిలే బొమ్మలతో అలంకరించిన బళ్లన్నమాట. ఈ ఏడు వర్తకులు దానికి 'స్ట్రీట్ కార్నివాల్' అని కొత్త పేరు పెట్టి, సాయంత్రం నుంచే మొదలన్నారు. ఇన్నేళ్లూ ఇదే ఊళ్లో ఉండి కనకం ఒక్కసారీ చూడలేదు. మొగుడి నిద్రో, నిద్రకి ముందు భోజనమో ఎప్పుడూ అడ్డొచ్చేది. ఈసారి ఆయన బండి తీసుకుని రాయగఢ్ వైపు వెళ్లాడు. పక్క క్వార్టరు అసిరమ్మ వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"మీ ఆయన ఊర్లో లేడు గదే, ఇంకా ఈ గుసగుసలేటి? పద. పిల్లకైనా సూపించు."

"జనం తొక్కిసేత్తారేమోనే..."

"అమ్మమ్మా, చలో నా, వెళ్దాం," అంది శ్రీనిధి. అదీ చెవిలోనే, ఆ ఇంటి పద్ధతి ప్రకారం.

గోల్ బజార్ మొగలో ఆటో దిగేసరికి చప్పుడు వచ్చి ఛాతీకి తగిలింది. మాందర్ డప్పుల మీద గిరిజనుల కర్మ నాట్యం చేసేవాళ్లు, తలలు తిప్పే రావణుడు, వాటి వెనక ఇంటి ఎత్తు డీజే పెట్టెలు. ఇంత చప్పుడు ఒకేచోట ఉంటుందని, ఎవరూ దాన్ని కసురుకోరని కనకానికి అప్పుడే తెలిసింది. కాసేపు చంటిపిల్లలా నోరు వెళ్లబెట్టి చూసింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. రెండు వైపులా వెదురు కంచెలు కట్టారు, లోపలికి వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగే దారి లేదు. డీజే బండి మలుపు తిరగబోయి వెనక్కి వచ్చింది. జనం ఒక్కసారిగా కదిలారు. అసిరమ్మ ఎటో కొట్టుకుపోయింది. కనకం వీపు ఒక దుకాణం షట్టరుకి అతుక్కుపోయింది, చేతులు ఎత్తే సందు లేదు. ఎవరిదో మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటోంది. చేతిలో ఉండాల్సిన పిల్ల చెయ్యి లేదు.

"నిధీ," అంది. తనకే వినపడలేదు. మళ్లీ అంది. మొగుడి మంచం పక్కన వాడే గుసగుసే వచ్చింది. ప్రాణం పోతున్నా ఆ గొంతు అంతకు మించి లేవలేదు.

చేతికి పట్టీ కట్టుకున్న వాలంటీరు అమ్మాయి ఒకతె ఆమె కన్నీళ్లు చూసి తోసుకుంటూ వచ్చింది. "క్యా హువా ఆంటీ? జోర్ సే బోలియే!" గట్టిగా చెప్పమంటే కనకం ఆ అమ్మాయి చెవిలోనే చెప్పగలిగింది.

"అచ్ఛా, ఘబరాయియే మత్. బచ్చీ రోయేగీ తో మిల్ జాయేగీ," అని ధైర్యం చెప్పింది ఆ అమ్మాయి. పిల్లన్నాక ఏడుస్తుంది కదా, ఏడుపు విని పట్టుకుంటామని.

కనకానికి తెలుసు. శ్రీనిధి ఏడవదు. ఏడ్చినా ఎవరికీ వినపడదు. తప్పిపోయిన పిల్లల్ని లోకం ఏడుపుని బట్టి వెతుకుతుంది, ఆ ఏడుపుని తన చేతులతో తనే నొక్కేసింది. అత్తగారి మీద, మెచ్చుకున్న కాలనీ మీద, అందరికంటే తన మీద ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటకే కాబోలు, గొళ్లెం ఊడింది.

"నిధీ...! ఒసే నిధీ...!"

అది జీడితోట గొంతు. డీజే పాటని చీల్చుకుని వెళ్లింది. ముందున్నవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు, కాస్త సందు ఇచ్చారు. నాలుగు అడుగుల అవతల, మూసిన బట్టల కొట్టు మెట్ల పక్కన శ్రీనిధి ముడుచుకుని కూర్చుంది. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బుగ్గలు తడిసిపోయాయి. ఆ పక్క నుంచి ఎంతమంది పోయారో. చప్పుడు చెయ్యని పిల్లని ఎవరు చూస్తారు?

"అరవొచ్చు గదే తల్లీ! ఎందుకు అరవలేదే!" కనకం పిల్లని గుండెకి అదుముకుంది.

శ్రీనిధి బెదురుగా అమ్మమ్మ పెదాల మీద వేలు పెట్టింది. "ష్... తాతయ్య ఉఠ్ జాయేంగే, లేచిపోతారు."

మర్నాడు రమణమూర్తి డ్యూటీ దిగొచ్చి, భోంచేసి పడుకున్నాడు. ఆ రోజంతా ఆయనకి రెస్టు. కనకం పిల్లని పెరట్లోకి తీసుకెళ్లింది. క్వార్టర్ల వెనకే రైలు పట్టాలు. డ్రైవర్ల నిద్ర వింతది, గ్లాసు పడితే లేస్తారు గానీ గూడ్సు బండి పోతే లేవరు. బొగ్గు బండి రానే వచ్చింది.

"ఇప్పుడు కేకెయ్యి," అంది కనకం.

పిల్ల నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కనకమే ముందు కేకేసింది. పెట్టె మీద పెట్టె పోతుంటే పిల్ల గొంతులోంచి సన్నగా ఒక కూత బయల్దేరింది. అది పెరిగింది, ఇంకా పెరిగింది. ఆఖరి పెట్టె దాటిపోయింది, బండి చప్పుడు అణిగిపోయింది. పిల్ల కేక మాత్రం ఆగలేదు.

లోపల మంచం కిర్రుమంది. "ఏటే అది?" అన్నాడు రమణమూర్తి.

అలవాటుగా కనకం చెయ్యి పిల్ల నోటి దాకా వెళ్లింది. మూయలేదు. కిందికి దించేసుకుంది.

"మనవరాలండీ," అంది, పెరట్లోంచి మంచం దాకా వినపడేలా.