గ్రౌండ్ ఫ్లోర్ ఫిల్టర్

2007లో నేను నగరానికి తూర్పు శివారైన కుందలహళ్ళిలో ఇళ్ళ ప్రకటనల వెబ్‌సైట్ నడిపే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. అద్దెకు ఉన్న ఇళ్ళ వివరాలు బ్రోకర్లు అందులో పెట్టేవారు, ఇల్లు కావలసినవాళ్ళు వెతుక్కునేవారు. ఒక్కో ప్రకటనను మేము లిస్టింగ్ అనేవాళ్ళం. వెతికేవాళ్ళు తికమక పడకుండా పేజీ ఎలా ఉండాలో, ఏ బటన్ ఎక్కడ ఉండాలో చూడటం నా పని.

ఆ ఏడు సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దాలనుకున్నారు. ముందుగా యూజబిలిటీ టెస్ట్ పెట్టాం. అంటే, నిజంగా ఇల్లు వెతుకుతున్న మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏ సాయమూ చెయ్యకుండా, ఎక్కడ ఆగిపోతున్నారో పక్కనుంచి గమనించడం. అలా వచ్చినవాళ్ళలో సరోజ ఒకరు. వాళ్ళది నగరం నడిబొడ్డున, పాత బజార్ల నగర్తపేటలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆమె మా ఆఫీసుకు దగ్గర్లోని బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. నాది హిందూపురం అని తెలియగానే ఇంగ్లీషు వదిలేసి తెలుగులో మాట్లాడారు.

"ఎట్లాంటి ఇల్లు కావాలక్కా?" అని అడిగాను.

"కింది ఇల్లప్పా. మెట్లుండకూడదు, అంతే. షుగరొచ్చి మా ఇంటాయనకు కాలు తీసేసినారు. మేముండేది జరీ వర్క్‌షాపు పైన, మిద్దె మీద. ఆ మెట్లు నిచ్చెన మాదిరి ఉండాయి. ఆయప్ప కిందికి రావాలంటే ఇద్దరు మొయ్యాల. ఇల్లు నా ఆఫీసు దగ్గరయితే మధ్యాన్నం వచ్చి చూసుకోవచ్చు."

ఇల్లు ఎన్నో అంతస్తులో ఉందన్న సంగతి అప్పట్లో మా పేజీలో అట్టడుగున, ఫోటోలన్నీ దాటాక చిన్న అక్షరాల్లో ఉండేది. ఆమె ఒక్కో లిస్టింగ్ తెరవడం, చివరిదాకా వెళ్ళడం, మూడో అంతస్తని చూసి వెనక్కి రావడం. విసుక్కోలేదు. ఆ ఓపికనే నేను చూడలేకపోయాను.

కొత్త డిజైన్‌లో అంతస్తును అద్దె పక్కనే పెట్టించాను. ఎడమవైపు దానికొక ఫిల్టర్ పెట్టాం. గ్రౌండ్ ఫ్లోర్ అని ఎంచుకుంటే ఆ ఇళ్ళే కనిపిస్తాయి, మిగతావి పక్కకు పోతాయి. సరోజ ఫోన్ చేసి, "ఇప్పుడు బాగుండాదప్పా. సుమ్నే, ఊరికే అన్నీ తెరిచి చూసే పని తప్పింది" అన్నారు. ఉద్యోగంలో నాకు దక్కిన మంచి రోజుల్లో అదొకటి.

కొద్ది నెలల్లోనే బ్రోకర్లు ఒక సంగతి కనిపెట్టారు. గ్రౌండ్ ఫ్లోర్ అని రాస్తే ఇల్లు ఇంకొందరి కంట పడుతుంది, ఫోన్లు ఎక్కువ వస్తాయి. దాంతో పై అంతస్తుల ఇళ్ళు కూడా ఫిల్టర్‌లో కిందికి దిగిపోయాయి. అప్పుడు ప్రతి లిస్టింగ్ కింద 'వివరం తప్పు' అని ఒక బటన్ పెట్టమని చెప్పాను. ఎవరైనా నొక్కితే మా వెరిఫికేషన్ టీమ్‌కు తెలుస్తుంది, వాళ్ళు విచారించి అబద్ధమైతే ఆ లిస్టింగ్ తీసేస్తారు. ఆ పద్ధతి బాగా పనిచేసింది. అలా పనిచేసినందుకే సేల్స్ మేనేజర్ సుధాకర్ నన్ను పిలిచాడు.

"చూడు ప్రసాద్, మనకి ఫీజు కట్టేది బ్రోకర్లు. వాళ్ళ లిస్టింగ్స్ తీసేస్తుంటే రెన్యూవల్ ఎవడు చేస్తాడు?"

"వెతికేవాళ్ళు మోసపోతే మళ్ళీ మన సైట్‌కు రారండీ."

"ఎక్కడికి పోతారు? మిగతా సైట్లూ ఇంతేగా."

"అయితే బటన్ తీసేద్దాం."

"తీసేస్తే బ్యాడ్‌గా ఉంటుంది. ఉండనీ. నొక్కితే థాంక్స్ చెప్పు, చాలు. టీమ్‌కి మాత్రం వెళ్ళొద్దు."

ఆ మార్పు నేను చెయ్యనన్నాను. ఇంకొకరి చేత చేయించారు. పైకి ఏమీ మారలేదు. నొక్కితే ఎప్పటిలాగే, థాంక్స్, మీ ఫిర్యాదును పరిశీలిస్తున్నాం అని ఇంగ్లీషులో వచ్చేది. ఆ మాట వెనక మాత్రం ఎవరూ లేరు.

తర్వాత ఒక రోజు సరోజ మా ఆఫీసుకొచ్చారు. రిసెప్షన్‌లో కూర్చోమన్నా కూర్చోలేదు. బ్రూక్‌ఫీల్డ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లని మా సైట్‌లో చూసి ఫోన్ చేశారట. ఇంకెవరో అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, వెంటనే రమ్మని బ్రోకర్ తొందర పెట్టాడట. వర్క్‌షాపు మనుషులు భర్తను కిందికి దింపితే, వ్యాన్ మాట్లాడుకుని ఊరంతా దాటి వచ్చారు. తీరా చూస్తే ఇల్లు రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ వస్తుంది, పెట్టిస్తున్నారు అన్నాడట బ్రోకర్.

"ఆయప్ప వ్యాన్‌లో కూర్చుని పైకి చూసినాడు. ఇంటికి పోయి మళ్ళీ మెట్లెక్కించేటప్పుడు చెప్పినాడు, ఇంక నన్ను మూట మాదిరి మోసుకుని తిప్పద్దు సరోజా అని. బేజారైపోయినాడు."

ఆమె బ్యాగు రిసెప్షన్ బల్ల మీద పెట్టారు.

"ఆ బ్రోకరుది ఇంకో ఇల్లు తప్పని నేను ముందే ఆ బటన్ నొక్కినా. చూస్తాండామని మీరు చెప్తిరి. అయినా వాని ఇండ్లు ఇంకా సైట్‌లో ఉండాయంటే, మీవాళ్ళు విచారించి సరే అన్నారనుకొంటి. లేకుంటే నేనొక్కదాన్నే ముందొచ్చి చూసిపోతా ఉంటి కదా?"

"అక్కా, ఆ బటన్ ఇప్పుడు ఎవరికీ చేరదు" అన్నాను.

"నొక్కితే ఎవురికీ తెలీదా?"

"తెలీదు."

"మరి థాంక్స్ అని ఎందుకు చెప్తాది?"

ఆమె తిట్టలేదు. బ్యాగు సర్దుకుని, బస్సుకు టైమయిందని వెళ్ళిపోయారు.

ఆ పూటే సుధాకర్‌కు అంతా చెప్పాను. పూర్తిగా విని, "పాపం. కానీ ఒక్క కేస్ పట్టుకుని సైట్ నడపలేం కదా" అన్నాడు. పై అధికారికి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఏడాది చివరి మీటింగ్‌లో మా పేజీని పెద్ద తెర మీద చూపించి, డిజైన్ ఎంత శుభ్రంగా ఉందో మెచ్చుకున్నారు. 'వివరం తప్పు' బటన్‌ను ప్రత్యేకంగా చూపించారు, వాడుకరి మీద మన శ్రద్ధకు గుర్తు అని. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను ఆ ఉద్యోగం మానేసే ముందు సరోజకు ఫోన్ చేశాను. ఆమె బ్రూక్‌ఫీల్డ్ ఉద్యోగం వదిలేశారు. అంత దూరం పోయి రావడం, ఆయన్ని ఒంటరిగా వదలడం కుదరలేదట. కింద వర్క్‌షాపులోనే లెక్కలు రాస్తున్నారు. ఇల్లు చూడటానికి పోదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు.

"మిద్దె మీదే ఉండాడు. కిటికీ కాడ మంచం వేసినాము" అన్నారు. ఆ తర్వాత నా ఉద్యోగం గురించి, నా ఇంటివాళ్ళ గురించి అడిగారు.

ఆ తర్వాత చాలా కంపెనీల్లో పనిచేశాను. చక్కగా కనిపించే పేజీ మనిషికి మేలు చేస్తుందన్న నమ్మకం నాకు అక్కడే పోయింది. ఇప్పుడెవరైనా కొత్త డిజైన్ తెచ్చి బటన్ రంగు బాగుందా, చోటు సరిపోయిందా అంటే, నేను ముందు అడిగేది ఒక్కటే: ఇది నొక్కితే ఎవరికి తెలుస్తుంది? ఆ ప్రశ్న వినగానే చాలా మీటింగుల్లో మళ్ళీ బటన్ రంగు సంగతికే వస్తారు.