చెల్లి విమానానికి ప్రార్థన మనవి

విమానాలు ఇంకా బేగంపేట నుంచే ఎగిరే రోజులవి. కొత్త కంపెనీలు పుట్టుకొస్తున్నాయి, విమానాలు దిగుతున్నాయి, నడిపేవాళ్లే దొరకడం లేదు. అందుకే ఫ్లయింగ్ క్లబ్బు చిన్న విమానంలో రెండు వందల గంటలు ఎగిరిన మా చెల్లికి కూడా ఉద్యోగం వచ్చింది. కంపెనీ వాళ్ల శిక్షణ ముగించుకుని, పెద్ద విమానంలో కెప్టెన్ పక్క సీట్లో కూర్చుంది.

మా అమ్మ కార్ఖానా బస్తీ బడిలో లెక్కల టీచరు. "రెండొందల గంటలంటే తొమ్మిది రోజులు సుత కాలే! నా చేతికి చాక్‌పీసు ఇయ్యనీకే ఏడాది ట్రైనింగ్ చేయించిన్రు" అనేది. చెల్లి నవ్వేసేది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టర్‌గారు ప్రార్థన మనవులు అడిగారు. జ్వరాలూ పరీక్షలూ అయ్యాక అమ్మ లేచింది. "మా చిన్నపాప బుధవారం పొద్దున వైజాగ్ విమానం నడుపుతుంది. పక్కన కెప్టెన్ ఉంటాడు గానీ, దానికింకా అనుభవం లేదు. అందులో ఎక్కేవాళ్లందరినీ ప్రభువు క్షేమంగా చేర్చాలని ప్రార్థన చేయండి" అంది. సంఘమంతా కళ్లు మూసుకుంది, ఒక్క సంఘపెద్ద తప్ప. ఆయన అదే విమానానికి టికెట్ కొనుక్కున్నాడు. ఆరాధన అయ్యాక అమ్మ దగ్గరికొచ్చి, "ప్రార్థన తప్పకుండా చేస్తానమ్మా. కాకపోతే రైల్లో కూర్చొని చేస్తా" అన్నాడు.

చెల్లి పక్కనే నిలబడి ఆ మాట వింది.

ఇంటికొచ్చాక అది గొడవ పెట్టుకోలేదు. నాకు భయమేసింది అందుకే. "దేవుణ్ణి నమ్మినవ్, కెప్టెన్‌ని నమ్మినవ్. నన్నెప్పుడు నమ్ముతవ్ మమ్మీ?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ముభావంగా తిరిగారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలీ వేసింది.

మంగళవారం సాయంత్రం అమ్మ చెల్లి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, తలెత్తకుండా, "రేపు దాని విమానంల మనకు రెండు సీట్లు దొరుకుతయా? చూడు జెర" అంది. "దానికి చెప్పకు. ఊకెనే పరేషాన్ అయితది."

విమానం ఎక్కడం అమ్మకు అదే మొదలు. వైజాగ్ చేరేదాకా ప్రార్థన ఆపేది లేదని నాకు ముందే చెప్పింది. విమానం లేస్తుంటే నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. మబ్బులు దాటాక స్పీకర్లో చెల్లి గొంతు వినిపించింది. ప్రయాణికులకు నమస్కారం చెప్పి, వాతావరణం బాగుందంది. ఇంట్లో మమ్మల్ని అన్నానికి పిలిచే గొంతే, కాకపోతే బోలెడు మర్యాదగా ఉంది. వింటూ వింటూ అమ్మ నా చెయ్యి వదిలేసింది. కాసేపయ్యాక చూద్దును కదా, నా భుజం మీద తల వాల్చి చిన్నగా గురక పెడుతోంది. నేను లేపలేదు.

వైజాగ్‌లో అందరూ దిగిపోయాక కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది. చెల్లి మమ్మల్ని చూసి కొయ్యబారిపోయింది. తర్వాత భయం భయంగా, "ల్యాండింగ్ నేనే చేసిన మమ్మీ. బాగా కుదిపిందా?" అని అడిగింది.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తప్పు చేసినదానిలా చూసింది.

"ఏమో బిడ్డా, నాకు తెల్వదు. నిద్ర పట్టింది."

ఒంటి మీద యూనిఫాం ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, చెల్లి అమ్మను పట్టుకుని భోరున ఏడ్చేసింది.